చుట్టాల ముందు పద్యం

మా అమ్మాయి ఎనిమిది నెలల పిల్లగా ఉన్నప్పుడు కొత్తవాళ్లు ఎత్తుకుంటే ఏడ్చేది. తార్నాకలోని మా ఫ్లాటుకు వచ్చినవాళ్లంతా ఆమెను చేతులు మార్చి చూసి, పిల్లకు మనుషుల అలవాటు చేయలేదని నా వంక చూసేవారు. మూడేళ్లు వచ్చేసరికి ఏడుపు మానేసి తలుపు వెనక నిలబడటం మొదలుపెట్టింది. బడిలో వేసిన ఏడాదే టీచరు నన్ను పిలిపించి, పిల్లకు అన్నీ వచ్చు గానీ నోరు తెరవదని చెప్పింది. సరే మేడమ్ అని వచ్చేశాను. అంతకన్నా ఎక్కువ మాట్లాడటం నాకూ రాదు.

కానీ ఆ పిల్ల మాట్లాడదన్నది అబద్ధం. ఇప్పుడు రెండో తరగతి చదువుతోంది. సెలవు రోజుల్లో నేను పీహెచ్‌డీ చేసే క్యాంపస్‌కు నాతో వస్తుంది. లైబ్రరీ దాకా దారి పొడుగునా ఆమె మాటలకు తెరిపి ఉండదు. నెమలి రోడ్డు దాటుతుంటే దానికి ఏ పరీక్షకు ఆలస్యమైందో చెబుతుంది. చీమల బారులో చివరి చీమ ఎందుకు వెనకబడిందో, ఇంటికెళ్లాక వాళ్లమ్మ ఏమంటుందో కూడా చెబుతుంది. ఎదురుగా ఎవరైనా వస్తే ఆపేసి, వాళ్లు దాటిపోయాక ఆగిన మాట దగ్గరి నుంచే అందుకుంటుంది.

మొన్న ఆదివారం, మాతోనే ఉండే మా అత్తమ్మను చూడటానికి మల్కాజ్‌గిరి నుంచి వాళ్ల అక్క వచ్చింది. చుట్టాలొస్తే పిల్లలు పద్యమో రైమో అప్పజెప్పాలి. మా ఇళ్లల్లో చాయ్‌తో పాటు అదీ ఒక మర్యాద. చిన్నప్పుడు విద్యానగర్‌లో నేనూ అలా నిలబడ్డాను. పద్యం గుర్తుండేది, గొంతే పెగిలేది కాదు. అందరూ నవ్వేవారు.

పెద్దత్తమ్మ సంచీలోంచి చాక్లెట్ తీసి చూపించింది. పిల్ల వెళ్లి ఫ్రిజ్‌కు అతుక్కుపోయింది. మా ఆయన కూడా ఒక్కటే చెప్పు బేటా అని బతిమాలాడు. చివరికి అత్తమ్మ వెళ్లి పిల్ల భుజాలు పట్టుకుని తెచ్చి హాలు మధ్యలో నిలబెట్టింది. పిల్ల నా వైపు చూసింది. పెదవులు కదులుతున్నాయి, గౌను అంచు పిడికిట్లో నలుగుతోంది.

నేను చాయ్ కప్పుల ట్రే బల్ల మీద పెట్టి ఆమె పక్కన నిలబడ్డాను.

“చెప్పదు పెద్దత్తమ్మా.”

“ఎందుకు, రాదా ఏంది?”

“వస్తది. చెప్పాలనిపిస్తే చెప్తది. ఇట్ల నిలబెట్టి చెప్పియ్యొద్దు.”

“గిట్ల వెనకేసుకొస్తే రేపు నీలెక్కనే అయితది, నోట్లె నాలుక లేకుండ.”

నేను ఆమె వైపు తిరిగి అడిగాను.

“నాలెక్క అయితే ఏమైతది?”

నిజంగానే జవాబు కోసం చూశాను. ఆమె అత్తమ్మను చూసింది, అత్తమ్మ ఫ్యాను వంక చూసింది. “ఈమెకు గూడ నోరున్నదే,” అని పెద్దత్తమ్మ నవ్వుతూ చాయ్ అందుకుంది. నేను నవ్వలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను.

పెద్దత్తమ్మ వెళ్లాక మా ఆయన వంటింట్లోకి వచ్చి, పెద్దామె బాధపడ్డదని, అదే మాట కొంచెం మెల్లగా చెప్పాల్సిందని అన్నాడు.

“ఇన్నేండ్లు మెల్లగనే చెప్పిన. ఎవ్వరికీ వినపడలే,” అన్నాను. “వచ్చే ఆదివారం నీ దోస్తులు వస్తరు గద. గప్పుడు గూడ నిలబెట్టనియ్య. ముందే వాళ్లకు చెప్పిపెట్టు.”