రాజు వాటా

కొన్న జొన్నల పొట్లం విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంటే ప్లాస్టిక్ వాసన తప్ప ఏమీ రాలేదు. మా ఇంటి జొన్నలకు ఎండిన వేపాకు వాసన, పురుగు పట్టకుండా కలిపిన బూడిద వాసన, గింజలు నిలవపోసే వెదురు గుమ్మి వాసన ఉండేవి. హైదరాబాద్‌లో ఈ కిరాయి గది వంటింట్లో నిలబడి, ఏదో మిగిలి ఉంటుందని, పిచ్చిదానిలా రెండోసారి కూడా వాసన చూశాను.

మాది దేవరకొండ. తెలంగాణ వచ్చిన ఏడు నేను మూడో తరగతి. ఇప్పుడు ఆదివారమైతే మా ఖిల్లా కింద కార్లు వరుసకడుతున్నాయి గానీ, అప్పుడు మాకది ఇంటి పెరడు లాంటిది. ఒక గుట్ట మీది నుంచి ఇంకో గుట్ట మీదికి పాకిన రాతిగోడలు, పూర్ణకుంభాలు చెక్కిన దర్వాజాలు, మెట్లబావులు, పైకప్పు కూలిన గదులు, వాటి సందుల్లో ఎవరూ నాటకుండానే మొలిచిన సీతాఫలం చెట్లు. ఆ గోడల లోపలే తాతల కాలం నుంచి మావాళ్లు దున్నుకునే చిన్న ఎర్రచెల్క ఉండేది. కాగితాల్లో అది మాది కాదు. మా నాయినమ్మను అవ్వ అనేవాళ్లం, ఆమె లెక్కలోనూ మాది కాదు.

"గిది రాజుది బిడ్డా. మనం చేస్కుంటున్నం, గంతే" అనేది.

బడిలో సారు పద్మనాయక రాజుల గురించి చెప్పాడు. ఈ కోట వాళ్లదేనని, వాళ్ల తర్వాత బహమనీలు, గోల్కొండ సుల్తానులు ఏలారని, చివరికి ఎవరూ లేక పాడుబడిందని. నేను ఉరుక్కుంటూ వచ్చి ఆ పేర్లన్నీ అప్పజెబితే అవ్వ జొన్నలు చెరుగుతూనే, "పేర్లు ఉండనీ, వాటా ముట్టిందా లేదా గది జెప్పు" అంది.

వాటా అంటే ఇదీ. మృగశిర వానకు విత్తిన జొన్న బతుకమ్మ నాటికి పాలుపోసుకునేది. తంగేడు, గునుగు కోయడానికి పోయిన పిల్లలం అక్కడే ఆగి, వడిసెలతో పిట్టలను కొట్టి, పచ్చి కంకులు నిప్పుల మీద కాల్చి నలిపి ఆ ఊచబియ్యం బెల్లంతో బుక్కి, మూతులు నల్లగా చేసుకుని, దర్వాజా బండ మీద ఏ కాలపు కావలివాళ్లో గీసి పెట్టిన గళ్లల్లో అష్టాచెమ్మ ఆడి, సీతాఫలాలు సంచుల్లో నింపుకుని పొద్దుగూకినాక ఇల్లు చేరేవాళ్లం. దీపావళి ముందర కోత. కొత్త జొన్నరొట్టె ఇంట్లో ఎవరి నోట్లోనూ పడకముందే అవ్వ దోసెడు గింజలు కొంగున కట్టుకుని పైకెక్కి, రాజుల నాటి రాతి గాదెలో పోసి దండం పెట్టి వచ్చేది. ఆమె వెనక్కి తిరగకముందే ఉడుతలు దిగేవి.

"అవ్వా, నీ రాజుకు తోకున్నది" అని నవ్వేదాన్ని. ఆమె కూడా నవ్వేది.

ఒక ఏడు వాన ఎగ్గొట్టింది. చొప్ప తప్ప గింజ లేదు. తల్లి మనసు నొచ్చుకుంటుందని మా బాపు పక్కింటి నుంచి దోసెడు జొన్నలు అడిగి తెచ్చాడు. అవ్వ ముట్టలేదు. "పరాయి చెల్కల పండిన గింజ వాటా ఎట్లయితదిరా?" అంది. అయినా ఉత్త చేతులతో గుట్ట ఎక్కింది. నేనూ వెంట పోయాను. గాదె ముందర కొంగు తల మీదికి లాక్కుని, ఇంటి పెద్దతో చెప్పినట్టు మెల్లగా చెప్పింది. "ఈ యేడు పండలే. మల్లచ్చే యేడు ఇస్తం."

మరుసటి ఏడు పండింది. రెండేళ్ల వాటా ఒక్కసారే మోసుకుపోయింది.

నేను హైస్కూల్లో ఉండగా ఖిల్లాను బాగుచేసే పని మొదలైంది. పొదలు కొట్టారు, దారులు వేశారు, ఇక లోపల విత్తనం వేయొద్దని బాపుకు మర్యాదగానే చెప్పారు. "గోడలు నిలవాలె గద, వాళ్లదేం తప్పు" అన్నాడు బాపు, అన్నం ముందు నుంచి లేస్తూ. ఏం తిందామని అవ్వ అడగలేదు. "మరి వాటా?" అని అడిగింది. అప్పటికే మోకాళ్లు పట్టేసి ఆమె గడప దాటడమే కష్టంగా ఉండేది. ప్రతి దీపావళికీ అదే మాట అడిగేది, ఇచ్చి వచ్చానని బాపు అబద్ధం చెప్పేవాడు.

చివరి ఏడు మంచంలో పడుకుని మళ్లీ అడిగింది.

"ఇచ్చొచ్చిన అవ్వా."

"ఏ గింజలురా?"

బాపు దుప్పటి ఆమె భుజాల దాకా లాగి బయటికి పోయాడు. ఆ చలికాలంలోనే అవ్వ పోయింది. వాటా ముట్టలేదన్న బాధతోనే పోయిందనే దుఃఖం నాకు ఇప్పటికీ తీరలేదు.

ఈ దీపావళికి ఆ పొట్లం పట్టుకునే ఊరికి వెళ్లాను. చెల్క ఉన్న జాగాలో పచ్చగడ్డి, రాతి బెంచీలు. బాగుంది, అబద్ధమెందుకు ఆడాలి. గాదె దగ్గర ఫొటోలు దిగుతున్న ఒకమ్మాయి "లోపల ఏముందక్కా?" అని అడిగింది. "ఏం లేదు, ఒకప్పుడు గింజలుండేవి" అన్నాను. వాళ్లు తొంగిచూసి వెళ్లిపోయారు. ఒక ఉడుత వచ్చి గోడ మీద కూర్చుంది.

పొట్లం విప్పి, గింజలు దోసిట్లోకి తీసుకున్నాను. ఏ ఊరి చెల్కలో పండినవో తెలియదు. మళ్లీ పొట్లంలోనే పోసి ముడి వేసి, చున్నీ తల మీదికి లాక్కున్నాను.

"ఈ యేడు పండలే" అన్నాను.

"మల్లచ్చే యేడు" అంటూ అవ్వ చెప్పిన రెండో మాట చెప్పడానికి నోరు తెరిచాను. రాలేదు.