కంప్యూటరు నోట్లో పడిన అక్షింత

నా చిన్నప్పుడు ఆర్మూర్‌లో ఏది చెడిపోయినా నేరం పసుపు దుమ్ము మీదే పడేది. రేడియో గరగరలాడినా, ఫ్యాను మూలిగినా, గోడ గడియారం ఆగిపోయినా "పసుపు పోయింది లోపలికి" అనేసి చేతులు దులుపుకునేవారు. పసుపు మీద బతికే ఊరు కదా, దాన్ని తిట్టుకోవడం కూడా మాకు ఒక ముద్దే. కానీ మా ఇంట్లో కంప్యూటరు ఆగిపోయిన రోజు పాపం ఆ దుమ్మును ఎవరూ తలవలేదు. నేరం నేరుగా నా మీదికే వచ్చింది.

ఆ కంప్యూటరును మా నాన్న దుబాయ్ నుంచి తెచ్చాడు. తను పనిచేసే చోట పాతదైపోయిందని పక్కన పెడితే అడిగి తీసుకుని, దుప్పట్లలో చుట్టి, పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చాడు. దానికి సొంత జ్ఞాపకం అంటూ ఏమీ లేదు. నల్లటి పలుచని ఫ్లాపీని ముందున్న సందులో పెట్టి, చిన్న పిడి తిప్పితేనే అది నిద్ర లేచేది. ఫ్లాపీ తిరగకపోతే అదొక బరువైన డబ్బా, అంతే. మా వాడకట్టు మొత్తానికి అదొక్కటే కంప్యూటరు. అది వచ్చాక బడిలో నా నడకే మారిపోయింది.

దసరా మర్నాడు పొద్దున్నే ఫ్లాపీ పెట్టి పిడి తిప్పాను. ఎర్ర దీపం వెలిగింది కానీ, ఎప్పుడూ వినిపించే గర్రుమనే చప్పుడు రాలేదు. తెర మీద ఏదో ఇంగ్లిషు ముక్క వచ్చి కదలకుండా కూర్చుంది. నాన్న తెరను కాదు, నా వేళ్లను చూశాడు. పులిహోర తిన్న చేయి, ఎంత కడిగినా గోళ్లు పచ్చగానే ఉన్నాయి.

"గీ చేతులతోని ఫ్లాపీ పట్టినవా? ఖరాబ్ చేసినవు పో!" అన్నాడు. ఆదివారం తను మళ్లీ దుబాయ్ వెళ్లాలి. వెళ్లేలోగా కంప్యూటరును పక్కనే పెర్కిట్ ఊళ్లో ఉన్న దోస్తు కొడుక్కి ఇచ్చేస్తానన్నాడు, వాడికైనా వస్తువు విలువ తెలుస్తుందట. కడుక్కున్నాకే ముట్టుకున్నానని నేను చెబుతూనే ఉన్నాను, ఆయన వింటే కదా. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే పక్కింటికి పరుగెత్తాను.

పక్కింటి అక్క వాళ్లది పసుపు కమీషన్ వ్యాపారం. తను మాత్రం రోజూ బస్సులో నిజామాబాద్ వెళ్లి కంప్యూటర్ కోర్సు చేసేది. నా గోడు అంతా విని జడ ముందుకేసుకుంటూ లేచింది. "ఎవరు ఖరాబ్ చేసిన్రో తర్వాత జూద్దాం. ముందుగాల ఎక్కడ ఆగిందో జూద్దాం పా" అంది.

మొదట ఇంకో ఫ్లాపీ పెట్టింది. అదీ అంతే. మా ఫ్లాపీని మర్నాడు తన వెంట నిజామాబాద్ తీసుకెళ్లి, సాయంత్రం వచ్చి, అక్కడ మంచిగా నడిచిందని నాన్న ముందు మామూలుగా చెప్పింది. నా ప్రాణం లేచొచ్చింది. నాన్న కాస్త తగ్గాడు గానీ మాట మార్చుకోలేదు. "అయితే మిషనే పోయింది. నడవనిదాన్ని గీ పిల్ల ఏం జేసుకుంటది? మా దోస్తు మరమ్మతు చేయించుకుంటడు" అన్నాడు.

"జర ఆగు కాకా" అని అక్క స్విచ్ తీసి, మూత విప్పింది. ఫ్లాపీని తిప్పే డ్రైవుకు వెళ్లే తీగల పట్టీని ఊడదీసి మళ్లీ గట్టిగా నొక్కి చూసింది. లాభం లేదు. ఆమె ఒకసారికి ఒక్కటే మార్చేది, రెండూ కలిపి చేస్తే ఏది నయం చేసిందో తెలియదని నాకు చెబుతూ చేసేది. చివరికి డ్రైవునే బయటికి తీసి, నా చేతికి టార్చి ఇచ్చి, లోపలికి తొంగి చూసింది. తలలోంచి పిన్ను తీసి మెల్లగా కదిపింది. ఫ్లాపీని పట్టి తిప్పే చోట ఇరుక్కున్నది ఒకటి ఆమె అరచేతిలో పడింది. పచ్చటి బియ్యపు గింజ.

అక్క చటుక్కున గుప్పిట మూసింది. "దుమ్మే కాకా, ఏం లేదు" అంది.

గడప దగ్గర బీడీలు చుడుతున్న మా నాయనమ్మ తలెత్తింది. ఆమెవి పాత కళ్లే కానీ పసుపు రంగును మాత్రం వదలవు. "దుమ్మెక్కడిది బిడ్డా, గది నా అక్షింతనే. దసర పూజనాడు గా పెట్టె నోరు తెరుచుకొనే ఉండె. తలమీద ఏస్తె ఏముంది, కడుపు సల్లగుంటదని నోట్లెనే ఏసిన" అంది, ఎంతో తృప్తిగా.

నాన్న నా గోళ్ల వంక చూశాడు. తర్వాత పడీపడీ నవ్వాడు. అక్క డ్రైవు బిగించి పిడి తిప్పితే గర్రుమంటూ ఆ చప్పుడు వచ్చింది. సన్నాయి విన్నా నాకంత సంతోషం కలిగేది కాదు.

ఆదివారం ఆటో వచ్చాక నాయనమ్మ అక్షింతలు పట్టుకుని వస్తే, నాన్న వంగి తలకు బదులు నోరు బారుగా తెరిచాడు. "నా కడుపు గూడ సల్లగుండాలె గదనే అమ్మా!" అన్నాడు. ఆమె నవ్వుతూ ఆయన నెత్తిన ఒక్కటి మొట్టి, ఆ మొట్టిన చోటే అక్షింతలు వేసింది. ఆటో ఎక్కబోయిన నాన్న వెనక్కి వచ్చి నా చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. "తప్పు నాదే బిడ్డా. ఫికర్ చెయ్యకు, మిషన్ నీదే" అన్నాడు.

నాయనమ్మ అంత ధీమాగా ఎలా చెప్పగలిగిందా అని చాలాకాలం ఆలోచించాను. అక్క అడుగుపెట్టిన దగ్గర నుంచి మా ఇంట్లో "ఎవరు" అన్న మాట వినపడలేదు. అందుకే ఆమెకు భయం కలగలేదు. ఇప్పుడు నా జుట్టూ నెరిసింది. ఇంట్లో ఏది ఆగినా, ఏది పగిలినా, పిల్లలు నా ముఖం వంక చూస్తారు. "ఎవరు?" అన్న మాట నాకూ నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని అక్కడే మింగేసి "ఎక్కడ?" అని అడుగుతాను. అప్పుడు చేసినవాళ్లే వచ్చి చెబుతారు.