గొలుసు పంతులు సరిదిద్దిన కుంట

సిద్దిపేట నుంచి వచ్చే సర్వీసు బండి డ్రైవరు మా పత్రిక ఆఫీసు ముందు బండి ఆపి, ఇంజను ఆపకుండానే దిగాడు.

"అన్నా, మీ గొలుసు పంతులు పొద్దుగాల పోయిండు. చాయ తాగి, గిలాస కింద వెట్టి, గట్లనే గోడకు ఒరిగిండట. పెద్దమ్మ నీకు చెప్పుమన్నది."

తిరుగు బండిలోనే ఎక్కాను.

పోయినాయన నవలా రచయిత. నాకు పక్కింటి పెద్దబాపు. చాలా ఏళ్లు సర్కారు భూకొలతల బందోబస్తు శాఖలో గొలుసు పట్టి భూములు కొలిచాడు కాబట్టి ఊరికి గొలుసు పంతులు. ఆయన నవలకు హైదరాబాదులో ఒక సాహిత్య సంస్థ బహుమతి ఇచ్చిందని చదివేవాళ్లకు తెలుసు. ఆ బహుమతి వద్దని ఆయనే ఉత్తరం రాశాడని తెలిసినవాళ్లు తక్కువ. నేను దగ్గరుండి చూశాను కాబట్టి రాస్తున్నాను.

ఆయన కిటికీకి వీపు పెట్టి రాసేవాడు. కిటికీ లోంచి గుట్టలు కనబడేవి. ఆ గుట్టల గురించే రాస్తూ వాటికి వీపు పెట్టడమేమిటని ఒకసారి అడిగాను.

"చూసుకుంట రాస్తే అన్నీ రాయబుద్ధయితది. గోడ దిక్కు కూసుంటే మనసుల మిగిలిందే వస్తది" అన్నాడు.

ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్లకంటే ముందు ఒక ప్రశ్న వచ్చేది. "ఏ తొవ్వన వచ్చినవ్? తొవ్వల ఏం కనవడ్డది?" నేను పత్రికలో కొత్తగా చేరిన రోజుల్లో, అంతా పచ్చగా, అందంగా ఉందని చెప్పాను.

"అందం అనేటి చెట్టును నేనెన్నడు చూడలే బిడ్డా. ఏం చెట్టో చెప్పు."

"తంగేడు."

"పూసిందా?"

నేను చూడలేదు. చూసి రమ్మని వెనక్కి పంపాడు. పోయి చూస్తే పొద్దు తగిలే వైపు పూసింది, నీడ వైపు ఇంకా మొగ్గలే. వచ్చి అదే చెప్పాను. "ఇప్పుడు కూసో" అన్నాడు. అప్పుడు పెద్దమ్మ నీళ్లిచ్చింది.

ఆ నవల కరువు ఏట మేకలను తోలుకొని ఒంటరిగా ఊరు విడిచిన ఒక ఆడమనిషి కథ. రోహిణి కార్తె ఎండలో నడిచి నడిచి, చిన్నకోడూరు దిక్కున్న ఒక కుంట చేరుకుని, ఆమె దోసిళ్లతో నీళ్లు తాగి బతుకుతుంది. చదివినవాళ్లంతా మెచ్చుకున్న భాగం అది. బహుమతికి ఎన్నికైందని ఉత్తరం వచ్చాక, అప్పట్లో వారపు సెలవైన ఒక శుక్రవారం మధ్యాహ్నం గ్రంథాలయంలో పదిమందిని పిలిచి ఆ భాగమే చదివించారు. చదివినవాడిని నేనే. ఎండాకాలం. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. గొర్లు అమ్మడానికి అంగడికి వచ్చిన ఒక ముసలాయన ఆ కుంట పేరు విని కిటికీ బయట ఆగిపోయాడు. నేను ముగించగానే లోపలికి తల పెట్టాడు.

"పంతులూ, గా పిల్లను సంపుతవా ఏంది?"

అందరూ అటు తిరిగారు.

"రోహిణిల గా కుంటల నీళ్లేడియి? దోసిలి వడితే మట్టే వస్తది. నా గొర్లకు తెలుసు గని నీకు తెల్వదా?"

అందరూ నవ్వారు. పెద్దబాపు నవ్వలేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"నేను గా కుంటను కొలిచిన. పటంల నా చేత్తోటే నీలం వేసిన."

"ఏ నెలల కొలిచినవ్?"

పెద్దబాపు వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నాడు. "కార్తీకంల" అన్నాడు.

"కార్తీకంల నా ఇంటెనుక గుంత గూడ కుంటనే పంతులూ!"

ఆయన జీవితంలో ఆ కార్తెలో పోయి చూడకుండా రాసిన జాగ అదొక్కటే. వేరేవాళ్ల మాట నమ్మి కాదు, తను గీసిన పటాన్ని తనే నమ్మి తప్పు చేశాడు.

ఆ సాయంత్రమే సాహిత్య సంస్థకు ఉత్తరం రాశాడు. తన నవలలో అబద్ధం ఉందని, దాన్ని సరిచేసేదాకా బహుమతి ఇవ్వవద్దని. గ్రంథాలయం వాళ్లు వచ్చి బతిమాలారు. నవలంటేనే కల్పన, ఇందులో అబద్ధమేమిటన్నారు. పదేళ్ల రాత, మొట్టమొదటి గుర్తింపు, చేజారితే మళ్లీ రాకపోవచ్చు. నేనూ అదే అన్నాను. పెద్దమ్మకు ఓపిక అయిపోయింది.

"నీళ్లుంటే ఏంది, లేకుంటే ఏంది? ఎవలు పోయి చూస్తరు?"

"చదివినోడు ఎవడన్న నమ్మి ఎండల గాడికి పోతే? ఏం తాగుతడు?"

ఆ ఉత్తరం పోస్టులో వేసింది నేనే. డబ్బా ముందు కాసేపు నిలబడ్డానని ఒప్పుకుంటాను.

మూడోరోజు తెల్లవారగానే కుంటకు బయలుదేరాం. ముసలాయన దారి చూపుతూ ముందు నడిచాడు. పెద్దబాపు చేతిలో గొడుగు ఉంది, నోటుబుక్కు లేదు. కుంట నెర్రెలిచ్చి ఉంది. ఆయన కట్ట మీద నిలబడి ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు. తర్వాత లోపలికి దిగి, మధ్య దాకా నడిచి, ఒక మట్టిపెళ్ల తీసి అరచేతిలో నలిపాడు.

"మరి నీ గొర్లు ఏడ తాగుతయి?" అని అడిగాడు.

ముసలాయన కట్ట వెనక వాగులోకి తీసుకుపోయాడు. ఇసుకలో మోచేతి లోతున గుంత తవ్వాడు. దాన్ని చెలిమ అంటారు. మొదట బురదనీరు వచ్చింది. తోడి పోశాడు. పెద్దబాపు గుంత అంచున గొంతుక్కూర్చుని, చెయ్యి ముంచబోయాడు.

"తొందరవడకు పంతులూ. ఊరనియ్యి."

ఊరనిచ్చారు. ఎంతసేపో నేను గడియారం చూడలేదు. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. పెద్దబాపు గుంత మీది నుంచి చూపు తిప్పలేదు, గొడుగు తెరవలేదు. నీరు తేరాక ఒక్క దోసిలి తాగాడు. ఇంకోటి తాగకుండా లేచాడు.

సంస్థ వాళ్లు హైదరాబాదుకు పిలిచారు. నేను వెంట వెళ్లాను. కమిటీలో పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "నవలకు ఇంత నిజం ఎందుకండీ?" అని అడిగారు. పెద్దబాపు సంచిలోంచి కాగితాలు తీసి కొత్తగా రాసిన భాగం చదివాడు. అందులో ఆమె కుంట చేరుతుంది, నీళ్లుండవు. వాగులోకి పోయి చేతులతో ఇసుక తవ్వుతుంది. ఎదురు చూస్తుంది. ఆ ఎదురుచూపులో ఒక వాక్యం ఉంది: "నీరు కనబడకముందు ఇసుక నల్లబడింది."

పెద్దాయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. "ఆ నీళ్లు మీరు తాగారా?" అని మాత్రం అడిగారు.

"తాగిన. కొద్దిగ ఉప్పగున్నయి."

నెల తర్వాత బహుమతి వచ్చింది, కొత్త భాగంతో అచ్చయ్యే పుస్తకానికి. ఊళ్లో ఉన్న పాత పుస్తకాలన్నిటిలో ఆ పేజీలు తీసి కొత్తవి ఆయనే ఇంటింటికీ తిరిగి అంటించాడు. నా పుస్తకం నేను ఇవ్వనన్నాను. కోప్పడలేదు. కుంట ఉన్న పేజీ తెరిచి, పక్కన ఖాళీలో సిరాతో రెండు మాటలు రాసిచ్చాడు: "నీళ్లు లేవు."

ఆయన పదకొండో రోజు కర్మ ముగిశాక ఆ పుస్తకం పట్టుకుని వాగుకు పోయాను. మళ్లీ రోహిణి కార్తె. గొర్ల ముసలాయన అక్కడే ఉన్నాడు. విషయం చెప్పాను. కండువా తీసి మొహం తుడుచుకుని, ఇసుకలో ఒక చోటు చూపించాడు.

"గీడనే పంతులు తాగింది. తవ్వుకో."

నిజం చెప్పాలంటే ఆ వాక్యాన్ని నేను ఇన్నేళ్లూ సరిచూడలేదు. ఆ రోజు కూడా నేను గుంతను కాదు, పెద్దబాపునే చూస్తూ కూర్చున్నాను. నీరు ముందు మెరుస్తుందనే అనుకునేవాణ్ణి. మోచేతి లోతు తవ్వి, అంచున గొంతుక్కూర్చున్నాను. గొర్లు ఒక్కొక్కటే వచ్చి కొంచెం దూరంలో నిలబడ్డాయి. చాలాసేపు ఏమీ లేదు.

తర్వాత గుంత అడుగున ఇసుక నల్లబడటం మొదలైంది.