ఒక్క మొగుడికి ఆర్ ఎందుకు?

తాళాల తాతకు తను వేసిన తాళం మీద కూడా నమ్మకం లేదు. తాళం వేసి, లాగి చూసి, నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగి చూస్తాడు. ఆ తాళం ఇంకా అలిగి ఊడిపోలేదంటే దానిది ఎంత మంచితనమో! వీధి మలుపులో ఆయనకు గొడుగంత కొట్టు ఉంది. అందులో కూర్చుని తాళంచెవులు ఆకురాయితో రాస్తూ, వచ్చినవాళ్ళనల్లా కళ్ళజోడు పైనుంచి చూస్తాడు. "ఇది నీ ఇంటిదేనా, పక్కింటిదా?" అని అడగనిదే పని ముట్టుకోడు. సగం బేరాలు అలాగే పోయాయి.

అలాంటి మనిషి ఉన్న ఇంట్లో నాయనమ్మ ఇంగ్లీషు మొదలుపెట్టింది.

ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే గదిలో ఆమె పని. తడి దుప్పట్లు ఎత్తీ ఎత్తీ మోకాళ్ళు అరిగిపోయాయి. ముందు హాల్లో, వచ్చినవాళ్ళకు దారి చెప్పే బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీ అయింది. కూర్చుని చేసే పని. కాకపోతే పెద్ద మేడమ్ ఇంగ్లీషులో అడిగితే ఇంగ్లీషులోనే జవాబు చెప్పాలి. ఆ కుర్చీ దక్కిందా, ఉద్యోగం నిలుస్తుంది. లేదా, మోకాళ్ళతో పాటు అదీ పోతుంది. అందుకే డ్యూటీ దిగాక పక్క సందులో ఒక టీచరమ్మ దగ్గర పాఠానికి వెళ్తోంది.

ఒక సాయంత్రం ఉల్లిపాయలు తరుగుతూ నాయనమ్మ గొణుక్కుంటోంది. "హీ కమ్స్... హీ వెయిట్స్... హీ కమ్స్..."

"ఎవడే వాడు?" అన్నాడు తాత. హీ అంటే వాడని ఆయనకూ తెలుసు.

"ఎవరండీ?"

"ఆ వచ్చేవాడు. ఎదురుచూసేవాడు."

"పాఠంలో వాడండీ బాబూ! వచ్చేది ఒక్కడైతే కమ్ పక్కన ఎస్ తగిలించాలి. పదిమంది వస్తే తీసెయ్యాలి."

"మొన్న డోర్ పక్కన ఎస్ పెడితే బోలెడు తలుపులన్నావు. ఇవాళ ఎస్ పెడితే ఒక్కడేనంటున్నావు. ఇందులో ఏదో మోసం ఉంది." మళ్ళీ తనే అడిగాడు. "పదిమంది రాకూడదా? ఆ ఒక్కడే ఎందుకు వస్తున్నాడు?"

మర్నాడు కొట్టు పెందలాడే కట్టేసి, పాఠం చెప్పే గది కిటికీ కింద చేరాడు. ఎవరైనా చూస్తే కిటికీ గడియ బాగుచేస్తున్నట్టు చేతిలో స్క్రూడ్రైవర్ పెట్టుకున్నాడు. లోపల ఉన్నవాళ్ళంతా ఆడవాళ్ళే. తాత ఊపిరి పీల్చుకున్నాడు. "ఒక్కరైతే ఇజ్, ఇద్దరైనా ఇరవైమందైనా ఆర్" అంటోంది టీచరమ్మ. ఆ ముక్క మాత్రం జేబులో వేసుకున్నంత భద్రంగా ఇంటికి తెచ్చుకున్నాడు.

ఇంటికొచ్చాక నాయనమ్మ గోడకేసి చూస్తూ, అదే పెద్ద మేడమ్ అనుకుని జవాబులు చెబుతోంది. "మై హజ్బెండ్ ఆర్ లాక్ మెకానిక్."

తాత చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. "ఎంతమందే?"

"ఎంతమంది ఏమిటి?"

"మొగుళ్ళు! ఆర్ అన్నాక ఇద్దరికి తక్కువ ఉండరు. రెండోవాడెవడు? ఆ హీ కమ్స్ గాడేనా?"

నాయనమ్మ గోడ పట్టుకుని నవ్వింది. "మీ ఒక్కరితో వేగడానికే నా ఓపిక చాల్లేదు, ఇంకొకరు కూడానా!" నవ్వు ఆగాక మెల్లిగా కూలబడింది. "ఇన్నేళ్ళలో మిమ్మల్ని ఎప్పుడైనా వచ్చాడు, తిన్నాడు అన్నానా? వచ్చారు, తిన్నారు అనే కదా అన్నాను. ఇజ్ అంటే మిమ్మల్ని వాడు అన్నట్టే ఉంది. టీచరమ్మ ఎంత దిద్దినా నోరు తిరగట్లేదు. రేపు మేడమ్ దగ్గరా ఇలాగే అంటే కుర్చీ పోయినట్టే."

మోకాళ్ళు ఒత్తుకుంటున్న ఆమె చేతుల కేసి చూశాడు తాత. గ్లాసు కింద పెట్టి, ఫోటో దిగుతున్నవాడిలా బిగుసుకుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

"ఇజ్ అను."

"మీ ముందా!"

"నా ముందే. అనూ."

"మై హజ్బెండ్..." నాయనమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. "ఇజ్."

తాతకు చెంప మీద చీమ కుట్టినట్టయింది. అయినా, "ఊఁ, మళ్ళీ" అన్నాడు.

మర్నాడు ఆమె లోపల జవాబులు చెబుతుంటే, తాత ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాడు. మొహం విప్పార్చుకుని వచ్చింది నాయనమ్మ. కుర్చీ దక్కింది.

"ఇజ్ అన్నావా?"

"అన్నానండీ."

"గట్టిగానా?"

"మేడమ్‌కి వినపడాలి కదండీ మరి."

తాత మొహం చిన్నబోయింది. "మరి ఆవిడనేమన్నావు?"

"యూ ఆర్ వెరీ కైండ్ అన్నాను."

"ఆవిడ ఒక్కతేగా! ఆవిడకి మాత్రం ఆరా?"

"యూ అంటే ఎప్పుడూ ఆరేనండీ. ఎదురుగా ఉన్నది ఒక్కరైనా సరే."

తాత నడిరోడ్డు మీద ఆగిపోయాడు. "ఓహో! ముఖం కనపడినంతసేపు ఆర్, పక్కకు తప్పుకోగానే ఇజ్! మోసం ఉందని నేను ముందే చెప్పలా?"

ఇప్పుడు మధ్యాహ్నం కాగానే తాత కొట్టు వదిలేసి హాల్లోకి వెళ్తాడు. బల్లకు సరిగ్గా ఎదురుగా నిలబడి గొంతు సవరించుకుంటాడు. నాయనమ్మ కుర్చీలోంచి కదలకుండా, అందరికీ వినపడేలా, "యూ ఆర్ లేట్!" అంటుంది. తాత మీసం దువ్వుకుని బయల్దేరతాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి, తలుపు చాటున చెవి పెట్టి వింటాడు.