డెల్‌రాయ్ వీధుల్లో కిరణ్ చిరునామా

హిప్‌హాప్ అంటే నాకు పెద్దగా తెలియదు. పక్కనుంచి పోయే కార్ల అద్దాలను దడదడలాడించే గోల అనుకునేదాన్ని. అలాంటి నేను ఒక శనివారం పని మానుకుని, బ్రాంప్టన్ నుంచి టొరంటో వెళ్ళి, అరవై దాటిన ఒక ర్యాపర్ వెనకాల వీధులు తిరిగాను. దానికి కారణం మహేశ్. పక్కనున్న వాన్ అనే ఊళ్ళో మేం పనిచేసే గోడౌన్‌లో నా పక్కనే నిలబడి పెట్టెలు సర్దుతాడు. కరీంనగర్ వైపు పిల్లాడు, కాలేజీలో చదువుతున్నాడు, నన్ను అక్కా అంటాడు. మొన్న చలికాలంలో వాళ్ళు ఉండే బేస్‌మెంట్‌లో మంటలు లేచాయి. మెట్ల వైపు ఉన్నవాళ్ళు, మహేశ్‌తో సహా, బయటపడ్డారు. అతని రూమ్మేట్ కిరణ్ లోపలి గదిలో ఉండిపోయాడు. అక్కడి కిటికీ రంగు వేసినప్పుడే అతుక్కుపోయిందట, ఎవరెంత లాగినా వచ్చేది కాదట.

తర్వాత జరిగింది ఇంకా ఘోరం. ఆ బేస్‌మెంట్‌లో తొమ్మిదిమంది ఉండేవారు. తనిఖీకి వచ్చిన ఆఫీసరుకు మాత్రం నలుగురమే అని చెప్పారు. మిగతావాళ్ళు భోజనానికి వచ్చిన గెస్టులట! కిరణ్ కూడా గెస్టేనట! అలా చెప్పమన్నది ఇంటి ఓనరు. తెలుగాయనే, పిల్లలంతా అంకుల్ అని పిలిచేవారు, పండక్కి పులిహోర పంపేవాడు. "నిజం చెబితే ఇల్లు సీల్ చేస్తారు, మీరంతా రోడ్డున పడతారు, ఆపైన మీ ఇష్టం" అన్నాడట. కిరణ్ శవాన్ని ఊరికి పంపడానికి చందాలు పోగుచేసింది ఆయనే, మిగిలినవాళ్ళను తన రెండో ఇంటి బేస్‌మెంట్‌లోకి మార్చిందీ ఆయనే. మనవాడు, పెద్దాయన, ఎదురెలా చెబుతాం అని పిల్లలు నోరు మూసుకున్నారు. ఈ మర్యాద ఒకటి మన ప్రాణాలు తీస్తోంది, ఒళ్ళు మండిపోదూ! కిరణ్ వాళ్ళ నాన్న మాత్రం మహేశ్‌కి ఫోన్ చేసి, "మావోడు ఎవలింటికి పోయిండు బిడ్డా ఆ దినం? మరి వానిల్లు యాడుండె?" అని అడుగుతూనే ఉన్నాడు.

డెల్‌రాయ్ అనే ఆ ర్యాపర్ గురించి మహేశ్‌కి కాలేజీలో ఎవరో చెప్పారు. టొరంటోలో ర్యాప్ మొదలుపెట్టిన తొలి మనుషుల్లో ఒకడు. నెలకో శనివారం తన పాత పేటలో జనాన్ని వెంటబెట్టుకుని నడుస్తాడు, టికెట్ లేదు. నడక చివర మైకు ముందు ఎవరైనా తమవాళ్ళలో పోయినవాళ్ళ పేరు చెప్పవచ్చు. "ఒక్కన్నే పోవాలంటే భయమైతాంది అక్కా" అన్నాడు మహేశ్. సరే పద అన్నాను.

బ్రాంప్టన్‌లో క్వీన్ స్ట్రీట్ బస్సు ఎక్కి వాన్ మెట్రో స్టేషన్‌లో దిగాలి. అక్కడినుంచి రైల్లో ఫించ్ వెస్ట్ దాకా వెళ్ళి, పడమటికి పోయే బస్సు పట్టుకోవాలి. ఒకే కార్డు వాడి రెండు గంటల్లోపు మారితే రెండోసారి ఛార్జీ పడదు. పొద్దున తొమ్మిదికి బయల్దేరితే పదకొండింటికి మొదలయ్యే నడకకు తీరిగ్గా అందుకుంటారు. బస్సు నడిపే పంజాబీ పెద్దాయన మమ్మల్ని చూసి, "శనివారం కాబట్టి సీటు దొరికింది, కాలేజీ రోజుల్లో ఈ పిల్లలు తలుపుకు అతుక్కుని వస్తారు" అని నవ్వాడు. మహేశ్ నవ్వలేదు. దారంతా పెదాలు కదుపుతూ ఏదో బట్టీ పడుతున్నాడు.

డెల్‌రాయ్ పొడుగాటి మనిషి, మోకాలికి పట్టీ, మెడలో లావు గొలుసు. జమైకా నుంచి చిన్నప్పుడే వచ్చాడట. బూడిదరంగు టవర్ల మధ్య కుంటుకుంటూ నడుస్తూ చెప్పాడు. అరువు తెచ్చిన రికార్డు ప్లేయర్లతో మొదటి పాటలు కట్టింది ఇక్కడి లాండ్రీ గదిలోనే, వాటిని కారు డిక్కీలో పెట్టుకుని అమ్మింది ఆ పార్కింగ్‌లోనే. ఒక టవర్ దగ్గర ఆగి పైకి చూపించాడు. పాడైపోయిన లిఫ్టు గుంతలో పడి చనిపోయిన స్నేహితుడి మీద పాట కట్టాడట. అందులో ఆ బిల్డింగు నంబరు ఉంది. పెద్ద కంపెనీవాళ్ళు పాట బాగుంది, నంబరు తీసేయమన్నారు.

"తీసేశారా?" అని అడిగాను.

"తీసేసి ఉంటే నువ్వు నన్ను టీవీలో చూసేదానివి" అన్నాడు.

ఆ తర్వాత రేడియో అతన్ని మర్చిపోయింది. అతను అద్దెకున్నవాళ్ళను పోగుచేసి లిఫ్టుల కోసం, హీటర్ల కోసం ఆఫీసుల మెట్లెక్కడం మొదలుపెట్టాడు. లాండ్రీ గది పక్క గదిలో పిల్లలు పాడుకోవడానికి మైకు పెట్టాడు. ఇప్పటికీ నడుపుతున్నాడు.

నడక ఆ గదిలోనే ముగుస్తుంది. అక్కడ ఒకావిడ ఎర్ర చిక్కుడు గింజల సూప్ పోస్తుంది, తోచినంత ఇవ్వొచ్చు. "కారం ఉంటుందా?" అంటే, "ఇక్కడ ఏడవడానికి ఇంకో సాకు కావాలిగా" అంది. నిజంగానే ముక్కు కారింది.

సూప్ అయ్యాక అందరం గుండ్రంగా నిలబడ్డాం. పద్ధతి ఏమిటంటే, పోయినవాళ్ళ పేరు, ఎక్కడ ఉండేవాళ్ళు, ఎలా పోయారు, ఈ మూడూ చెప్పాలి. చెప్పిన ప్రతి ముక్కనూ గది మొత్తం తిరిగి అంటుంది. మహేశ్ వంతు వచ్చింది.

"కిరణ్" అన్నాడు.

"కిరణ్" అంది గది.

ఎదురుగా ఎవరో ఫోన్‌లో వీడియో తీస్తున్నారు. మహేశ్ దాన్ని చూశాడు. ఆఫీసరుకు చెప్పిన మాటే ఇంగ్లీషులో బయటికొచ్చింది. "అతను గెస్టు."

"అతను గెస్టు" అన్నారు నలభైమందీ, నమ్మకంగా, ఒక్క గొంతుతో.

మహేశ్ మొహం పాలిపోయింది. మైకు రెండు చేతులతో పట్టుకుని తెలుగులో అరిచాడు. "కాదు! గెస్ట్ కాదు! ఆడనే ఉండె! నా పక్క పరుపు మీదనే పండుకునేటోడు!"

వాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా పద్ధతి పద్ధతే. జమైకా ముసలమ్మలు, సోమాలియా పిల్లలు నోరు తిరక్కపోయినా పలికారు. "ఆడనే ఉండె." ఇంకోసారి చెప్పాడు, ఇంకోసారి అన్నారు. నేను పలకలేకపోయాను. ఏడుస్తున్నాను.

డెల్‌రాయ్ అతన్ని ఓదార్చలేదు. విషయమంతా విని, "సోమవారం ఆ తనిఖీ ఆఫీసుకు నేనూ వస్తాను. నీ గది పోతుంది, తెలుసుగా?" అన్నాడు. మహేశ్ తలూపాడు.

గది పోవడానికి సోమవారం దాకా కూడా పట్టలేదు. తిరుగు బస్సు బ్రాంప్టన్ చేరేలోపే వీడియో అంకుల్ దాకా వెళ్ళింది. ఫోన్‌లో ఆయన గొంతు ఎంత మెత్తగా ఉందో! "కోపమేం లేదు బాబూ, నీ సూట్‌కేసు గేటు దగ్గర పెట్టించా." మిగతా ఏడుగురిలో ఒక్కడూ బయటికి రాలేదు. వానలో తడిసిన సూట్‌కేసు పక్కనే నిలబడి మహేశ్ ఊళ్ళో కిరణ్ వాళ్ళ నాన్నకు ఫోన్ చేశాడు. అక్కడింకా తెల్లవారలేదు. "కాకా, కిరణ్ ఎవలింటికీ పోలే. మాతోనే ఉండె. అదే మా ఇల్లు" అన్నాడు.

సోమవారం ఆఫీసులో మహేశ్ చేత జరిగిందంతా మళ్ళీ చెప్పించుకున్నారు. డెల్‌రాయ్ పక్కన కూర్చున్నాడు. ఏదైనా జరుగుతుందో లేదో ఇది రాసేనాటికి తెలియదు. మహేశ్ మా హాల్లో పడుకుంటున్నాడు. హాస్పిటల్లో డాక్టరుగా చేసి రిటైరైన ఒక తెలుగాయన నాకు ఫోన్ చేసి, మనవాళ్ళ పరువు వీధిన పెట్టారేమిటమ్మా అన్నారు. ఫోన్ పెట్టేశాను. హిప్‌హాప్ నాకు ఇప్పటికీ పెద్దగా అర్థం కాదు, కానీ డెల్‌రాయ్ పాటలోంచి ఆ నంబరు ఎందుకు తీయలేదో మాత్రం తెలిసింది.

ఆ నడకకు వెళ్ళేవాళ్ళు గొడుగు తీసుకెళ్ళండి అని రాద్దామనుకున్నాను. అది వద్దు. ఈ దేశానికి చదువుకు వస్తున్నవాళ్ళకు ఒక్కటే చెబుతాను. గది చూడ్డానికి వెళ్ళినప్పుడు కిటికీ మీ చేత్తో తెరిచి, తలను భుజాలదాకా బయటికి పెట్టి చూడండి. పట్టకపోతే ఆ అంకుల్ ఎంత మంచివాడైనా, పులిహోర ఎంత బాగున్నా, ఆ గదిలో దిగకండి.