కుర్చీ ఆరేదాకా

డయాలసిస్ గదిలో కుర్చీలు తుడవడం ఆమె పని. రోగులకు తడి తగలకూడదని, మందు చల్లిన వెంటనే పొడిగుడ్డతో తళతళలాడేలా తుడిచేసేది. మందు దానంతటదే ఆరితేనే క్రిములు చస్తాయని ఆ ఉదయం కొత్త నర్సు చెప్పింది. అప్పటికే ఆమె తుడిచిన కుర్చీలో సొంత అన్న చెయ్యి చాపుకుని కూర్చున్నాడు. ఆ చేతికే సూది గుచ్చాలి.

"లే అన్నయ్యా, మళ్లీ తుడవాలి."

"నీ చాదస్తం తగలెయ్య, ఇప్పుడేగా తుడిచావు. కుర్చీని అరగదీస్తావా ఏంటే?"

ఆమె అతని జబ్బ పట్టుకుని లేపింది. మందు చల్లి, గుడ్డ ముట్టుకోకుండా నిలబడి, నర్సు అన్న మాట అతనికి చెప్పింది.

అన్న ముఖంలో నవ్వు పోయింది.

"మరి ఇన్నాళ్లూ?"

ఆమె అతని చేతిని వెలుతురుకు తిప్పి, పాత సూదిగుర్తుల చుట్టూ ఎక్కడైనా ఎర్రబడిందేమోనని వెతకసాగింది.