మాస్టారి వేలికి కట్టు

వయోలా మాస్టారిని చేతికి కట్టు లేకుండా చూసినవాళ్లు ఆ వీధిలో లేరు. ఒక వారం బొటనవేలికి, ఇంకో వారం ఉంగరపు వేలికి. ఏమైందని అడిగితే జవాబు తడుముకునేవారు కాదు. తలుపు సందులో పడింది, కత్తి జారింది, మడతకుర్చీలో ఇరుక్కుంది. "ఇంట్లో సామానంతా ఈయన మీద పగబట్టినట్టుందే" అని మేడ మీద అద్దెకున్నాయన బెంగపడేవాడు.

ఆయన దగ్గర వయోలా నేర్చుకునే నర్సమ్మకు మాత్రం ఆ కట్లు చూస్తే ఒళ్లు మండేది. పగలంతా ఆసుపత్రిలో కట్లు కట్టి, సాయంత్రం పాఠానికొస్తే ఇక్కడ చింపిన జేబురుమాలుతో ఈ అవతారం. అయినా ఆమెకు తన వేలి బాధే చాలు. వయోలా అంటే వయొలిన్‌కి అక్క లాంటిది. ఒళ్లు పెద్దది, గొంతు లోతు. వేళ్లు బాగా సాగాలి. నర్సమ్మ ఎడమ చిటికెన వేలు చిన్నప్పుడు విరిగి వంకరగా అతుక్కుంది. మొదటి పుస్తకాలు ఎలాగో గట్టెక్కింది గాని, ఆ తర్వాత పాటలన్నీ ఆ వేలినే అడుగుతాయి. ఇద్దరు మాస్టార్లు లాభం లేదని పంపేశారు. ఈయనేమో శిష్యుల కచేరీకి మిగతా అందరికీ పాటలిచ్చేసి, "నీకింకా చూస్తున్నానమ్మా" అంటూ నెల గడిపారు. ఈయన కూడా వదిలేస్తే వయోలా అమ్మేయడమే అనుకుంది.

ఆ సాయంత్రం తేల్చుకుందామని వచ్చింది. చూస్తే మాస్టారి ఎడమ చిటికెన వేలికి గుమ్మడికాయంత కట్టు.

"ఏమైందండీ?"

"తలుపమ్మా."

"పోయిన నెలా తలుపేగా. ఏదీ, ఇలా తెండి."

"వద్దులే, తగ్గిపోతోంది."

"ఇలా కడితే తగ్గదు, చీము పడుతుంది."

నర్సు పట్టు పట్టాక విడిపించుకోవడం ఎవరి తరం? కట్టు విప్పింది. వేలు నిక్షేపంలా ఉంది. గీత లేదు, వాపు లేదు. వేలికి ఆనించి వంకర తిప్పిన చెంచా ఒకటి మాత్రం ఉంది.

వంటింట్లోంచి ఆయన భార్య వచ్చింది.

"ఇదా, నా చెంచా! ఎన్నాళ్లుగానో వెతుకుతున్నా. నీ వేలికి ఏ పాట లొంగుతుందో చూడాలని ఈ వేషం, తల్లీ. పోయినసారి ఇక్కడ నేర్చుకునే పోస్టాఫీసు గుమాస్తాకి బొటనవేలు బిగుసుకుపోతోందని ఈయన తన బొటనవేలు కట్టేసుకున్నారు. కాఫీ కూడా అలాగే తాగి మీద ఒలకబోసుకుంటారు. ఆ చొక్కాలు ఉతకలేక చస్తున్నా."

"పాట మీద తేలిక అని అచ్చేస్తారు," మాస్టారు గొణిగారు. "ఎవరి చేతికి తేలికో వెయ్యరు. ఐదు వేళ్లూ ఒక్కలా ఉంటాయా? నీ చేత్తో వాయిస్తే గాని నాకెలా తెలుస్తుంది? బీరువాలో పాటలన్నీ ఓడిపోయాయి. నిన్ననే ఒక్కటి గెలిచింది."

నర్సమ్మ ఆ చెంచాను తన చిటికెన వేలి పక్కన పెట్టి చూసుకుంది. అదే వంకర. అయినా నర్సు నర్సే. "ముందు ఆ చెంచా కడగండి" అంది.

కచేరీలో ఆ పాటే వాయించింది. చిటికెన వేలు హాయిగా కూర్చుంటే కింద బొటనవేలి ఆసరాతో మిగతా మూడూ పని కానిచ్చాయి. ముందు వరసలో మాస్టారు చేతులు మండేలా చప్పట్లు కొట్టారు. ఆయనకు పది వేళ్లూ ఉన్నాయని వీధివాళ్లకు ఆ రోజే తెలిసింది.

మరుసటి వారం పాఠానికి వెళితే, మాస్టారి కుడిచెయ్యి మెడలోంచి తువ్వాలుతో వేలాడుతోంది.

"కుర్చీ మీంచి పడ్డానమ్మా."

"కొత్తగా చేరిన టైలరమ్మ మోచెయ్యి ఇంతెత్తు లేవదండీ. మీరు పైకి కట్టుకున్నారు." నర్సమ్మ సంచిలోంచి కట్టుగుడ్డ తీసి, ఆయన చెయ్యి కాస్త కిందికి దించి, పద్ధతిగా కట్టింది.

మెట్లు దిగుతున్న మేడ మీదాయన గుమ్మం దగ్గర ఆగిపోయాడు. "అయ్యో, మళ్లీ ఏమైందండీ?"

"తలుపండీ," అంది నర్సమ్మ, తడుముకోకుండా.